ఊ కొట్టేవారి చేతిలో మాట

మా అమ్మమ్మ కథ మొదలుపెట్టే ముందు ఒకటే షరతు పెట్టేది: వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఎండాకాలం రాత్రుళ్ళు డాబా మీద పక్కలు పరుచుకుని పడుకున్నాక, కథ నడుమ మా ఊ ఆగిపోతే ఆవిడ కూడా ఆగేది. "నిద్రపోయారా?" అని ఒకసారి అడిగేది, జవాబు రాకపోతే రాజుగారి ఏడో కొడుకు తెచ్చిన చేప ఎందుకు ఎండలేదో తేలకుండానే తానూ అటు తిరిగి పడుకునేది. రాక్షసి వచ్చే కథల్లో మాత్రం మా ఊ వేగం పెరిగేది, గొంతు పెరిగేది. సెలవుల మొదట్లో నాలుగు మాటల్లో వచ్చి పోయిన రాక్షసికి సెలవులు ముగిసేసరికి ఒక ఇల్లు, ఇంట్లో ఒక గాడిపొయ్యి, పొయ్యి మీద మనిషి పట్టేంత గుండిగ అమరిపోయాయి. కథ ఆవిడదే, కానీ అందులో ఏది పెరగాలో, ఏది తగ్గాలో చీకట్లో మేము కొడుతున్న ఊ నిర్ణయిస్తోందని అప్పుడు మాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.

మాట్లాడేవారి మాటను వినేవారి స్పందన ఎలా మలుస్తుందన్న ప్రశ్న మనస్తత్వశాస్త్రంలో డెబ్బై ఏళ్ళుగా నలుగుతోంది. అంత కాలం నలగడానికి కారణం విషయంలోని కష్టం మాత్రమే కాదు, రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోవడం కూడా. మనిషికి భాష ఎలా వస్తుందన్నది ఒక ప్రశ్న. వచ్చిన భాషను ఎవరి ముందు, ఎప్పుడు, ఎంతగా వాడతాడన్నది మరొకటి. మొదటిదానికి జవాబు చెప్పబోయి దెబ్బతిన్న సిద్ధాంతమే రెండోదానికి చాలా బలమైన జవాబు ఇస్తుందని నా అభిప్రాయం. ఆ తేడాను విడదీసి చూపడానికే ఈ వ్యాసం.

అమెరికన్ మనస్తత్వవేత్త స్కిన్నర్ చెప్పిన ఆ సిద్ధాంతానికి కేంద్రమైన మాట పునర్బలనం. డీఎస్సీకో టెట్‌కో చదివిన ప్రతివారికీ ఇది పరిచయమే: స్కిన్నర్ పేటిక, మీట నొక్కే ఎలుక, గింజ కోసం పొడిచే పావురం. అయితే పరీక్ష పుస్తకాల్లో బహుమతికి మరో పేరుగా మిగిలిపోవడం వల్ల దీని అసలు అర్థం మరుగున పడింది. ఒక పని చేసిన వెంటనే ఏదో జరిగి, దానివల్ల ఆ పని మళ్ళీ జరిగే అవకాశం పెరిగితే, ఆ జరిగినదే పునర్బలనం. అది తీపిగా ఉండాలని లేదు, ఇచ్చేవారికి ఇవ్వాలన్న ఉద్దేశం ఉండాలనీ లేదు. తిట్టు కూడా పునర్బలనం కావచ్చు. ఇంట్లో అందరూ ఫోన్లలో మునిగి ఉన్నప్పుడు బూతుమాట అంటే తప్ప ఎవరూ తల ఎత్తని పిల్లవాడికి, "ఏంట్రా ఆ మాటలు!" అన్న కేక మందలింపుగా కాక, తనవైపు తిరిగిన ఒక ముఖంగా అందుతుంది. ఆ మాట మర్నాడు మళ్ళీ వస్తుంది.

రుణ పునర్బలనాన్ని దండనగా పొరపడటం మరొక అలవాటు. బజారులో చాక్లెట్టు కోసం పిల్లవాడు రాగం తీస్తాడు, నలుగురూ చూస్తున్నారని తల్లి "సరే, కొంటాలే, ఊరుకో" అంటుంది. చాక్లెట్టు దొరికింది గనుక పిల్లవాడి రాగానికి ధన పునర్బలనం దొరికింది. ఏడుపు ఆగింది గనుక తల్లి నోటి "కొంటాలే"కు రుణ పునర్బలనం దొరికింది. బాధించేది తొలగిపోవడం వల్ల పని బలపడటమే రుణ పునర్బలనం, అందులో శిక్ష ఎక్కడా లేదు. ఒకే క్షణంలో ఇద్దరూ ఒకరి మాటను మరొకరు బలపరుచుకున్నారు. పది సార్లలో రెండు సార్లే చాక్లెట్టు దొరికితే పిల్లవాడు త్వరగా మానేస్తాడనుకోవడం సహజం, కానీ జరిగేది అందుకు విరుద్ధం. ఎప్పుడు ఫలిస్తుందో తెలియని పని ప్రతిసారీ ఫలించే పనికన్నా మొండిగా నిలుస్తుందని ప్రయోగశాలల్లో జంతువులతో లెక్కలేనన్ని సార్లు తేలింది.

ఈ సూత్రాలను మనిషి మాటకు అన్వయించే ప్రయత్నం వెనుక ఒక విందు భోజనం ఉంది. 1934లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యువ పరిశోధకుడు బి.ఎఫ్. స్కిన్నర్, తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ పక్కన కూర్చున్నాడు. ప్రవర్తనను బయటి కారణాలతో వివరించవచ్చని స్కిన్నర్ వాదించాడు. భాషను మినహాయిస్తే ఒప్పుకుంటానన్న వైట్‌హెడ్, "ఈ బల్ల మీద నల్లతేలు ఏదీ పడటం లేదు అని నేను ఇక్కడ కూర్చుని అంటున్నాను, దీనికి కారణం చెప్పు చూద్దాం" అని సవాలు చేశాడు. మర్నాడు పొద్దున్నే స్కిన్నర్ ఒక పుస్తకానికి ప్రణాళిక గీయడం మొదలుపెట్టాడు. అది 'వెర్బల్ బిహేవియర్' పేరుతో వెలువడటానికి 23 ఏళ్ళు పట్టింది, 1957 వచ్చింది.

ఆ పుస్తకానికి పునాది ఒక చిన్న గమనింపు. దాహమైనవాడు లేచి కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు ముంచుకోవచ్చు, ఆ పనికి ఫలితం కుండే ఇస్తుంది. లేదా కూర్చున్నచోటే "కాసిని మంచినీళ్ళు ఇస్తారా" అనవచ్చు. ఈ మాట గాలిని కదిలిస్తుందే తప్ప కుండను కదిలించదు, ఫలించాలంటే మధ్యలో మరో మనిషి లేవాలి. ఇలా వేరే మనిషి ద్వారా మాత్రమే ఫలితం పొందే ప్రవర్తనే మాట అన్నాడు స్కిన్నర్. అందువల్ల ఆయన లెక్కలో ఒక పదం అర్థం నిఘంటువులో ఉండదు, ఆ పదం ఎటువంటి పరిస్థితిలో పుడుతోంది, పుట్టాక ఏ ఫలితం తెస్తోంది అన్నదాంట్లో ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే "నీళ్ళు" ఒక మాట కాదు, కనీసం నాలుగు. దాహమైన పాప "నీళ్ళు" అంటే అది అడగడం, నీళ్ళు దొరకడంతో బలపడుతుంది. మేడమీద ట్యాంకు పొంగి గోడ వెంట కారుతుంటే చూసి "నీళ్ళు!" అంటే అది చెప్పడం. ఆ పాపకు దాహం లేదు, "అవునమ్మా, మోటారు కట్టాలి" అన్న గుర్తింపే ఆ మాటకు ఫలితం. అమ్మ "నీళ్ళు అను" అంటే "నీళ్ళు" అనడం తిరిగి పలకడం. "ఇది కుండెడు..." అని పెద్దలు ఆగితే "నీళ్ళు" అని పూరించడం మాటకు మాట కలపడం. నాలుగింటిలోనూ పలుకు ఒకటే, పలికించే కారణాలు మాత్రం నాలుగు. మొదటిదానికి స్కిన్నర్ 'మాండ్' అని, రెండోదానికి 'టాక్ట్' అని కొత్త పేర్లు పెట్టుకున్నాడు.

ఇది పండితుల వర్గీకరణలా కనిపిస్తుంది గానీ, మాట ఆలస్యమైన పిల్లల తల్లిదండ్రులకు ఇది ప్రతిరోజూ ఎదురయ్యే వాస్తవం. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆటిజం ఉన్న నాలుగేళ్ళ బాబు బొమ్మల కార్డుల్లో గ్లాసు చూపిస్తే స్పష్టంగా "నీళ్ళు" అనేవాడు. దాహం వేస్తే మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చేవాడు. మాట వచ్చుగా, మొండికేస్తున్నాడని ఇంటివాళ్ళు అనుకున్నారు. వాడికి వచ్చింది చెప్పే "నీళ్ళు", అడిగే "నీళ్ళు" ఇంకా పుట్టలేదు. లామార్, హాలండ్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగం ఇదే విషయాన్ని మాట ఆలస్యం కాని చిన్నపిల్లల్లోనే చూపింది. వస్తువును కుడివైపు పెట్టమనో ఎడమవైపు పెట్టమనో అడగడం నేర్చిన పిల్లలు, వస్తువు ఏ వైపున ఉందో చెప్పమంటే వెంటనే చెప్పలేకపోయారు. చెప్పడం నేర్చినవారికి అడగడం దానంతటదే రాలేదు. ఆ బాబుకు చికిత్సలో చేసినదల్లా గ్లాసు కనిపించేలా, చేతికి అందకుండా పెట్టి, దాహం ఉన్న వేళ చూసి, "నీ..." అన్న సగం పలుకుకే వెంటనే నీళ్ళు ఇవ్వడం. ఆ తరువాత పూర్తి పలుకుకే ఇవ్వడం. ఇలా మెట్టుమెట్టుగా కోరిన రూపానికి తీసుకురావడాన్నే మలచడం అంటారు. నాలుగో వారంలో వాడు గుమ్మంలో నిలబడి, ఏడవకుండా, "నీళ్ళు" అన్నాడు. వాళ్ళమ్మ గ్లాసు ఇచ్చి, గోడకు ఆనుకుని తాను ఏడ్చింది.

ఇక పెద్దవాళ్ళ మాటల సంగతి. 1955లో జోయెల్ గ్రీన్‌స్పూన్ ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ ఈ రంగంలో మొదట చెప్పుకునేది. ఒక్కొక్క విద్యార్థినీ కూర్చోబెట్టి, వాక్యాలు గానీ అంకెలు గానీ కాకుండా, మనసుకు తోచిన పదాలు ఒక్కొక్కటిగా చెబుతూ పోమన్నాడు. కొందరి విషయంలో, వారు బహువచన నామవాచకం పలికినప్పుడల్లా ప్రయోగకర్త మన ఊ లాంటి ఒక శబ్దం చేసేవాడు. అంతకు మించి ఏమీ లేదు. అలా ఊ కొట్టినంతసేపు వారి నోట బహువచనాలు పెరిగాయి. ఊ బదులు కాదన్నట్టు ఊహూఁ అన్నవారిలో బహువచనాలు తగ్గాయి. తెలుగులో ఇదే ప్రయోగం చేస్తే 'చెట్టు, బండి, తలుపు' అంటూ సాగే జాబితా మెల్లగా 'చెట్లు, గాజులు, పిల్లలు, మేకలు' అంటూ మారడాన్ని ఊహించుకోవచ్చు. ప్రయోగకర్త దేనికి ఊ కొడుతున్నాడో పట్టుకున్న కొద్దిమందిని లెక్కలోంచి తీసేశారు గనుక, మిగిలినవారు తమకు తెలియకుండానే మారారన్నది అప్పటి నిర్ధారణ.

అదే ఏడాది విలియం వెర్‌ప్లాంక్ ఈ పనిని ప్రయోగశాల దాటించాడు. తన విద్యార్థులనే ప్రయోగకర్తలుగా పంపి, హాస్టలు గదుల్లో, భోజనశాలల్లో స్నేహితులతో, ఇంటివాళ్ళతో అరగంట మామూలు సంభాషణ చేయించాడు. మొదటి పది నిమిషాలు ఊరికే వినాలి. తరువాతి పది నిమిషాలు, ఎదుటివారు "నేననుకోవడం", "నా ఉద్దేశంలో" అంటూ సొంత అభిప్రాయం చెప్పినప్పుడల్లా ఒప్పుకోవాలి, లేదా వారి మాటనే తిప్పి చెప్పాలి. చివరి పది నిమిషాలు అభిప్రాయం వచ్చినప్పుడు కాదనాలి, లేదా మౌనంగా ఉండిపోవాలి. మొత్తం 24 మందిలో ఒక్కరు కూడా మినహాయింపు లేకుండా, ఒప్పుకోలు దొరికినంతసేపు అందరూ అభిప్రాయాలు ఎక్కువ చెప్పారని, అది ఆగాక 21 మందిలో తగ్గాయని ఫలితాలు వెలువడ్డాయి.

ఈ రెండు ప్రయోగాలనూ ఇంతవరకే చెప్పి ఆపేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. అది పాఠకుడికి అన్యాయం చేయడమే, ఎందుకంటే ఆ తరువాత జరిగినదే అసలు పాఠం. నాథన్ అజ్రిన్, సహపరిశోధకులు వెర్‌ప్లాంక్ పద్ధతిని మళ్ళీ నడిపి 1961లో తమ అనుభవం ప్రచురించారు. ఫలితాలు మొదట అచ్చు అలాగే వచ్చాయి. తీరా ఆరా తీస్తే, ప్రయోగకర్తలుగా వెళ్ళిన విద్యార్థుల్లో చాలామంది పద్ధతిని తమకు తోచినట్టు మార్చేశారనీ, కొందరైతే అంకెలు కల్పించి రాశారనీ బయటపడింది. ఏ ఫలితం వస్తే అధ్యాపకులు మెచ్చుకుంటారో వారికి తెలుసు. వినేవారి మెప్పు మాటను మలుస్తుందన్న విషయం ప్రయోగంలో కన్నా ప్రయోగకర్తల నివేదికల్లో స్పష్టంగా రుజువైంది. దీనివల్ల వెర్‌ప్లాంక్ అంకెలను నమ్మదగిన కొలతగా తీసుకోలేము.

గ్రీన్‌స్పూన్ ప్రయోగం మీద మరో రకమైన సందేహం వచ్చింది. అదే 1961లో డాన్ డులేనీ ఒక ప్రశ్న లేవదీశాడు: ఊ కొట్టించుకున్నవారికి నిజంగానే ఏమీ తెలియదా, లేక ఏదో ఒక ఊహతో మాట్లాడారా? ఒకరు 'వజ్రాలు' అన్నారనుకుందాం, ఊ వినిపించింది. "ఓహో, నగలకు సంబంధించినవి చెప్పాలి కాబోలు" అనుకుని 'కెంపులు, ముత్యాలు, పగడాలు' అంటూ పోతారు. అన్నీ బహువచనాలే, అన్నింటికీ ఊ వస్తూనే ఉంటుంది. బహువచనమన్న నియమం వారికి తట్టలేదన్నది నిజమే, కానీ వారు తమకు తట్టిన మరో నియమాన్ని తెలిసే పాటిస్తున్నారు. ఆ ఊహే వారి మాటలను నడిపిందని డులేనీ వాదించాడు. కాబట్టి పునర్బలనం తెలివిని దాటవేసి నాలుకను నేరుగా పట్టి ఆడిస్తుందన్న బొమ్మ నిలవలేదు. మనం ఎదుటివారి ఊ చూసి, వారికి ఏది కావాలో అంచనా కడతాం, ఆ అంచనా సగం తప్పైనా దాని ప్రకారం మాట్లాడతాం. మా అమ్మమ్మ కూడా ఏదో ఒక మేరకు అదే చేసి ఉంటుంది. చీకట్లో మా గొంతుల్లోని భయం విని, "వీళ్ళకు రాక్షసి కావాలి" అనుకుని ఉంటుంది.

అయితే తెలియకుండా జరిగేదీ ఉంది, అందుకు నాకు బలంగా తోచే సాక్ష్యం కార్ల్ రోజర్స్‌ది. మానసిక చికిత్సలో వైద్యుడు రోగిని ఏ షరతూ లేకుండా స్వీకరించాలని, మలచడానికి పూనుకోకూడదని బోధించిన వ్యక్తి ఆయన. చార్లెస్ ట్రూవాక్స్ 1966లో రోజర్స్ చేసిన ఒక దీర్ఘకాల చికిత్స టేపులను విశ్లేషించాడు. రోగి కొన్ని రకాల మాటలు అన్నప్పుడు రోజర్స్ స్వరంలో ఆప్యాయత, అవగాహన ఎక్కువగా వినిపించాయి, మరికొన్నింటికి అంతగా లేవు. ఎక్కువ స్పందన దొరికిన రకాల మాటల్లో చాలావరకు చికిత్స సాగేకొద్దీ పెరిగాయి. ఎవరినీ మలచకూడదని మనసారా నమ్మిన మనిషి కూడా వినడం ద్వారానే మలిచాడు. నిష్పక్షపాతంగా వినడం మనం అనుకునేంత సులువు కాదు.

ఇప్పుడు పిల్లల దగ్గరికి రావాలి, ఎందుకంటే స్కిన్నర్ సిద్ధాంతం అసలు దెబ్బ తిన్నది ఇక్కడే. 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ 'లాంగ్వేజ్' పత్రికలో 'వెర్బల్ బిహేవియర్' పుస్తకాన్ని ముప్పై పేజీలకు మించిన సమీక్షలో ఖండించాడు. ఎలుక విషయంలో ఉద్దీపన (స్పందన రప్పించే బయటి ప్రేరణ), పునర్బలనం అన్న మాటలకు స్పష్టమైన అర్థం ఉంది, వాటిని మనిషి మాటకు సాగదీస్తే ఆ స్పష్టత పోతుంది అన్నది ఆయన మొదటి వాదన. ఒక చిత్రపటాన్ని చూసి ఒకరు "డచ్చివారిది" అంటే, అందులోని డచ్చితనం అనే ఉద్దీపనకు ఇది స్పందన అని స్కిన్నర్ అంటాడు. అదే పటాన్ని చూసి మరొకరు "గోడ కాగితానికి నప్పలేదు" అనవచ్చు, ఇంకొకరు "వంకరగా తగిలించారు" అనవచ్చు. మాట బయటికి వచ్చాక దానికి తగిన ఉద్దీపనను వెతికి చెప్పడం వివరణ ఎలా అవుతుంది? రెండో వాదన ఇంకా లోతైనది: మనిషి మునుపెన్నడూ వినని, ఎవరూ ఊ కొట్టని వాక్యాలను ప్రతిరోజూ పుట్టిస్తాడు, అర్థం చేసుకుంటాడు.

ఆ తరువాత 1970లో రోజర్ బ్రౌన్, కామిల్ హాన్లన్ ప్రచురించిన పరిశీలన ఈ వాదనకు ఊతమిచ్చింది. ముగ్గురు పిల్లలు ఇంట్లో మాట్లాడిన మాటలను, వాటికి తల్లిదండ్రుల స్పందనలను వారు పరిశీలించారు. ఈవ్ అనే పాప అమ్మను ఉద్దేశించి, పుంలింగ సర్వనామం వాడి, క్రియాపదం వదిలేసి, "వాడు ఆడపిల్ల" అన్న అర్థం వచ్చే తప్పు వాక్యం చెప్పింది. తల్లి "అవును, నిజమే" అంది, ఎందుకంటే తాను ఆడమనిషే. తల్లిదండ్రులు ఒప్పుకున్నదీ కాదన్నదీ మాటలోని నిజాన్ని బట్టే గానీ వ్యాకరణాన్ని బట్టి కాదు. పునర్బలనమే వ్యాకరణం నేర్పితే పిల్లలు నిజాలు మాట్లాడే, వ్యాకరణం రాని పెద్దలుగా ఎదగాలి. వాస్తవంలో జరిగేది దాదాపు దానికి వ్యతిరేకమని బ్రౌన్ అన్నాడు.

తెలుగు ఇళ్ళల్లో ఇది ఎవరైనా చూడవచ్చు. మా పక్కింటి మూడేళ్ళ పాప "నాన్న ఇంకా వచ్చలేదు" అంటుంది. 'వచ్చాడు, వచ్చింది, వచ్చారు' విన్న పిల్ల తనంతట తాను కట్టుకున్న రూపం అది, 'రాలేదు' అన్న రూపానికి 'వచ్చు'తో పైకి ఏ పోలికా లేదు గనుక. ఆ మాటను ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, పాపకు నేర్పలేదు. పైగా వాళ్ళమ్మ "అవును బంగారం, వచ్చేస్తారులే" అని ముద్దుపెట్టుకుంటుంది. అంటే తప్పు రూపానికి నిండుగా పునర్బలనం దొరుకుతోంది. అయినా ఇంకో ఏడాదికో రెండేళ్ళకో ఆ పాప నోట 'వచ్చలేదు' మాయమై 'రాలేదు' వచ్చి కూర్చుంటుంది. వ్యాకరణం విషయంలో పిల్లలు తాము విన్నదాంట్లోంచి నియమాలు వెలికితీసుకుంటారు, మన ఊకు అక్కడ పెద్ద పెత్తనం లేదు. ఈ ఒక్క విషయంలో చోమ్‌స్కీ వాదన నెగ్గిందని ఒప్పుకోవాలి.

కానీ అందువల్ల పిల్లల మాటలో ఇతరుల స్పందనకు పాత్రే లేదనడం మరో చివరకు పోవడం. మైకేల్ గోల్డ్‌స్టీన్, ఆండ్రూ కింగ్, మెరెడిత్ వెస్ట్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఎనిమిది నెలల పిల్లలు ఆడుకుంటుంటే తల్లులు పక్కన కూర్చున్నారు. ఒక వర్గంలో బిడ్డ ఏదైనా శబ్దం చేసిన వెంటనే నవ్వి, దగ్గరికి జరిగి, తాకమని తల్లికి హెడ్‌ఫోన్ ద్వారా చెప్పారు. రెండో వర్గంలోని తల్లులూ అన్నే సార్లు నవ్వారు, తాకారు, కానీ తమ బిడ్డ శబ్దంతో సంబంధం లేకుండా, మొదటి వర్గంలోని వేరే తల్లి స్పందించిన వేళల ప్రకారం. ప్రేమ రెండు చోట్లా సమానమే, తేడా అల్లా వేళలో. శబ్దం చేసిన వెంటనే స్పందన దొరికిన పిల్లల పలుకుల్లో మాత్రమే 'బా', 'దా' వంటి, హల్లూ అచ్చూ కలిసిన, నిజమైన మాటకు దగ్గరైన అక్షరాలు పెరిగాయి. ఈ జాగ్రత్త ఊరికే తీసుకోలేదు. 1959లోనే మూడు నెలల పిల్లలతో ఇటువంటి ప్రయోగం జరిగినప్పుడు, నవ్వు ముఖం కనిపిస్తే చాలు పిల్లలు శబ్దం చేస్తారు, దాన్ని పునర్బలనమని ఎలా అంటారన్న విమర్శ తరువాత వచ్చింది. దానికి సమాధానం చెప్పేలా ఈ ప్రయోగాన్ని కట్టారు. మన ఇళ్ళల్లో ఒడిలో బిడ్డ "తా" అనగానే "తాతనే పిలిచింది!" అని ఇల్లంతా మూగడం ఈ ప్రయోగంలో జరిగిన పనే.

దీన్నిబట్టి చిక్కుముడి కొంత విడిపోతుంది. వాక్యం ఎలా కట్టాలన్న సామర్థ్యం ఊ వల్ల రాదు. ఏ శబ్దాలు తరచు పలకాలి, ఏ పదం అడగడానికి, ఏది చెప్పడానికి, ఏ విషయాన్ని సాగదీయాలి, ఏది మింగేయాలి అన్నవి మాత్రం చాలావరకు వినేవారి స్పందన మీద నడుస్తాయి. వాడుక అన్న మాటకు తెలుగులో ఉన్న బరువంతా ఇక్కడే ఉంది.

స్పందనను అంకెగా మార్చి మాట పక్కనే చూపించే కాలం 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్‌తో విస్తృతంగా మొదలైంది. విలియం బ్రేడీ, సహపరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో 7,331 మంది ట్విట్టర్ వాడకందారుల 1.27 కోట్ల ట్వీట్లను పరిశీలించారు. నైతిక ఆగ్రహం వెలిగక్కిన ట్వీటుకు ఎక్కువ లైకులు, రీట్వీట్లు దొరికినవారు తరువాత అటువంటి ఆగ్రహాన్నే ఇంకా ఎక్కువగా వెలిబుచ్చారు. ఇక్కడ నన్ను ఆపిన విషయం మరొకటి ఉంది. రాజకీయంగా తీవ్రమైన బృందాల్లో ఉన్నవారిలో లైకుల ప్రభావం తక్కువగా కనిపించింది, వారి ఆగ్రహం అప్పటికే స్థిరపడిపోయి ఉంది. లైకులను బట్టి మాట మారింది ఎక్కువగా రాజకీయంగా అంత తీవ్రంగా లేనివారి బృందాల్లోనే. ఆగ్రహం ఇంకా అలవాటు కానివారికి దాన్ని అలవాటు చేయడంలోనే ఈ యంత్రాంగం శక్తి ఉంది. వంత పాడేవారు ముందు, కథకుడు వెనుక నడిచే బుర్రకథ లాంటిది ఇది.

చివరగా దండన గురించి చెప్పాలి. నేను చదివిన ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు మాట నోట వస్తే అర్ధరూపాయి జరిమానా ఉండేది. జరిమానా పెట్టినవారి ఉద్దేశం పిల్లల నోట ఇంగ్లీషు పెరగాలని. పెరిగింది మౌనం. టీచరు వరండాలో అడుగుపెట్టగానే తరగతి మొత్తం మాట ఆపేసేది, ఆవిడ మలుపు తిరగగానే తెలుగు వరదలా వచ్చేది. మంచినీళ్ళకు వెళ్ళాలన్నా ఇంగ్లీషులో అడగడం రాని ఒక పిల్ల మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. దండన ఒక మాటను అణచగలదు, దాని చోట మరో మాటను పుట్టించలేదు. అణిగిన మాట కూడా పోదు, దండించే మనిషి లేని చోటు చూసుకుంటుంది. మాట పలకాలా వద్దా అన్నదానికి ఎదురుగా ఉన్న శ్రోతే సంకేతమని స్కిన్నర్ చెప్పినదాన్ని, ఆ పుస్తకం పేరైనా వినకముందే, వరండాలో చెప్పుల చప్పుడు మాకు నేర్పింది.

యాసల విషయంలో ఈ దండనకు జరిమానా పుస్తకం కూడా అక్కర్లేదు, ఒక నవ్వు చాలు. కోస్తా జిల్లాల వాడుక ఆధారంగా ఏర్పడిన పాఠ్యపుస్తకాల, పత్రికల భాషే తెలుగుగా చెలామణి అయిన దశాబ్దాల్లో, 'వచ్చిండు, గిట్ల, గట్ల' అన్న పిల్లలను చూసి తరగతి నవ్వేది. సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం హాస్యగాళ్ళకు, రౌడీలకు దక్కింది. ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలకూ ఈ అనుభవం కొత్త కాదు. చదువుకున్నవారు ఇంట్లో ఒక తెలుగు, బయట ఒక తెలుగు మాట్లాడటం నేర్చుకున్నారు. దీన్ని కపటమనో ఆత్మన్యూనత అనో అనడం నాకు ఎప్పుడూ సరిగా తోచలేదు. ఒక పదానికి ఒక గదిలో పలకరింపు, మరో గదిలో నవ్వు దొరుకుతున్నప్పుడు నోరు గదిని బట్టి పదాన్ని ఎంచుకుంటుంది.

హైదరాబాదులో నాతో పదహారేళ్ళు పనిచేసిన సహోద్యోగి ఒకాయనది నల్లగొండ జిల్లా. మొదట్లో మధ్యాహ్నం వాళ్ళమ్మ నుంచి ఫోను వస్తే మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడేవాడు. తలుపు సందులోంచి "ఆడికి వొయ్యిండు", "గా మాట నాకు జెప్పలేదు" అన్న మాటలు వినబడేవి. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చోగానే 'వెళ్ళాడు, చెప్పలేదు' అనేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచిన ఏళ్ళలో వేదికల మీద, పాటల్లో, టీవీ చర్చల్లో ఆ యాసకు చప్పట్లు దొరకడం మొదలైంది. 2014లో రాష్ట్రం ఏర్పడింది. ఆయన ఎప్పుడు మారాడో నేను గుర్తుపెట్టుకోలేదు, ఆయనా గుర్తుపెట్టుకోలేదట. మొన్న జీతాల లెక్క గురించి నలుగురం కూర్చున్నప్పుడు, "క్యాషియర్ ఇంకా రాలే, లంచ్‌కు వొయ్యిండు" అన్నాడు. ఎవరూ తల ఎత్తి చూడలేదు, ఒకరు "ఊ" అన్నారు, ఆయన తరువాతి కాగితం తిప్పాడు.